తోటలో సోలార్‌కి పాత ఈవీ బ్యాటరీ కొనాలా, కొత్తది కొనాలా

రాయచోటి పక్కన మాకు నాలుగెకరాల మామిడి తోట ఉంది, అందులో రెండు గదుల ఇల్లు, కరెంటు స్తంభం చూస్తే దాదాపు కిలోమీటరు దూరం. లైను లాగించుకునే బదులు సోలార్ పెట్టుకుందాం అనుకున్నాం, ప్యానెళ్ళ విషయంలో పెద్ద తలనొప్పి రాలేదు గానీ బ్యాటరీ దగ్గరే ఏడాది గడిచిపోయింది. ఎవర్ని అడిగినా ఒకటే మాట, పాత ఎలక్ట్రిక్ కారు బ్యాటరీ తెచ్చి పెట్టెయ్, సగం రేటుకే అయిపోతుంది అని. సరేనని తిరిగా, కొన్ని సెల్స్ కొన్నా, కొన్ని వెనక్కిచ్చా, ఇప్పుడు తోటలో ఒక సెటప్ రెండు ఎండాకాలాలు దాటి నడుస్తోంది. అడిగినవాళ్ళకి ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్తుంటే సగం మర్చిపోతున్నా, అందుకే కూర్చుని మొత్తం రాస్తున్నా.

నా మాట ముందే చెప్పేస్తా. పాత ఈవీ బ్యాటరీ మంచి ఆలోచనే, కాకపోతే మూడు కుదరాలి: అది ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) కెమిస్ట్రీ అయ్యుండాలి, ఇన్వర్టర్‌కి కావాల్సిన 48 వోల్టులకి కుదిరేలా పేర్చుకోగలగాలి, ఎంత కెపాసిటీ మిగిలిందో డబ్బులిచ్చే ముందే కొలిచి చూసుకోగలగాలి. మూడిట్లో ఒకటి కుదరకపోయినా కొత్త ఎల్ఎఫ్‌పీ ప్యాక్ కొనుక్కోండి, మనశ్శాంతి ఉంటుంది.

బ్యాటరీ రేట్లు అడిగే ముందు కాగితం మీద మీ వాడకం రాసుకోండి, ఇది చాలామంది చెయ్యరు. మా లెక్క చెప్తా. 9 వాట్ల బల్బులు నాలుగు ఐదు గంటలు వెలిగితే 180 వాట్ అవర్లు, 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు (తక్కువ కరెంటు తాగే రకం) రెండు పన్నెండు గంటలకి 720, చిన్న ఫ్రిజ్ ఒక 750, కెమెరా రౌటరు కలిపి 15 వాట్లు రోజంతా అంటే 360, ఫోన్లు టీవీ ఇంకో 200. మొత్తం 2,210 వాట్ అవర్లు, అంటే 2.2 యూనిట్లు. ఇక్కడే అందరూ మర్చిపోయేది ఇన్వర్టర్ తాగే కరెంటు, దానికేమీ తగిలించకపోయినా ఊరికే ఆన్‌లో ఉంటే 40 వాట్ల దాకా లాగుతుంది, 24 గంటలకి దాదాపు ఒక యూనిట్! అంటే మొత్తం మూడు దాటింది. ఇందులో సూర్యుడు లేనప్పుడు బ్యాటరీ మోయాల్సింది రెండు యూనిట్ల దగ్గర్లో ఉంటుంది, మబ్బు రోజు ఒకటి తగిలినా తట్టుకోవాలి కదా, అందుకే 5 యూనిట్ల బ్యాటరీ, 2 కిలోవాట్ల ప్యానెళ్ళు అనుకున్నా. మన రాయలసీమ ఎండకి కిలోవాట్‌కి రోజుకి నాలుగు యూనిట్లు లెక్కేసుకోవచ్చు, వానాకాలంలో తగ్గుతుంది.

ఇంకో మాట, బోరు మోటారుని ఈ బ్యాటరీ లెక్కలోకి తేవద్దు. 3 హెచ్‌పీ మోటారు అంటేనే 2.2 కిలోవాట్లు, స్టార్టింగ్‌లో దానికి కొన్ని రెట్లు లాగుతుంది, దాన్ని బ్యాటరీ మీద నడపాలంటే ఇంటికి కావాల్సిన దానికి మూడు నాలుగు రెట్లు పెట్టాలి. మోటారుకి వేరే ప్యానెళ్ళు వేరే పంప్ కంట్రోలర్, పగలు ఎండ ఉన్నప్పుడు నీళ్ళు తొట్టిలోకి ఎక్కించుకోవడం, అంతే. పీఎం కుసుమ్ పథకం కింద సోలార్ పంపులకి సబ్సిడీ కూడా ఇచ్చారు, ఇప్పుడు ఉందో లేదో కనుక్కోండి.

ఇప్పుడు ఒక్కొక్కటి చూద్దాం. మామూలు ట్యూబులర్ బ్యాటరీ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, కరకంబాడి అమరరాజా ఫ్యాక్టరీ మన తిరుపతి పక్కనే ఉంది, లెడ్ యాసిడ్ అంటే మన ఇళ్ళన్నిటికీ అలవాటే. 12 వోల్టులు 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు, వోల్టులతో గుణిస్తే వాట్ అవర్లు వస్తాయి) ఉన్నవి నాలుగు కలిపితే పేరుకి 7.2 యూనిట్లు, కానీ సగం కంటే కిందకి వాడితే ఆయుష్షు పడిపోతుంది కాబట్టి చేతికొచ్చేది 3.6. ఛార్జింగ్‌లో కూడా కొంత వేడిగా పోతుంది, పైగా చివరి ఇరవై శాతం ఎక్కడానికి గంటలు పడుతుంది, మబ్బు పట్టిన వారంలో ఎప్పుడూ ఫుల్ అవ్వదు, ఫుల్ అవ్వకుండా అలాగే ఉంటే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి బ్యాటరీ చచ్చిపోతుంది. నెలకోసారి తోటకి వెళ్ళేవాళ్ళకి డిస్టిల్డ్ వాటర్ చూసుకోవడం కూడా కుదరదు. మరి ఎవరికి మంచిది అంటే, రెండు బల్బులు ఒక ఫ్యాన్ చాలు, ఊళ్ళో ఉన్న మెకానిక్కే చూడాలి, ఎలక్ట్రానిక్స్ ఏవీ వద్దు అనుకునేవాళ్ళకి. పాతదైపోయాక సీసం రేటుకి తీసుకుంటారు, అదొక లాభం.

కొత్త ఎల్ఎఫ్‌పీ అంటే పదహారు సెల్స్ సిరీస్‌లో (వోల్టులు కూడేలా ఒకదాని వెనక ఒకటి కలిపి), 51.2 వోల్టులు 100 ఏహెచ్, 5.12 యూనిట్లు. ఇందులో తొంభై శాతం భయం లేకుండా వాడుకోవచ్చు, 4.6 చేతికొస్తుంది, బరువు యాభై కిలోల లోపే, నీళ్ళు పొయ్యక్కర్లేదు, సగం ఛార్జింగ్‌లో నెలరోజులు వదిలేసినా ఏమీ కాదు, నిజానికి లిథియంకి అదే ఇష్టం. వేల సైకిళ్ళు (ఒకసారి నింపి ఖాళీ చేస్తే ఒక సైకిల్) వస్తాయని కంపెనీలు చెప్తాయి, మన వాడకానికి రోజుకో సైకిల్ కూడా అవ్వదు. మిగతావన్నీ దీంతోనే పోల్చి చూడాలి.

ఇక పాత ఈవీ బ్యాటరీ. అసలు ఇది ఎందుకు పని చేస్తుందో అర్థమైతే ఎక్కడ పని చెయ్యదో కూడా తెలుస్తుంది. కారులో బ్యాటరీ డెబ్భై ఎనభై శాతానికి పడిపోతే ఓనరుకి కిలోమీటర్లు తగ్గాయని బాధ, కానీ ఇంటికి కిలోమీటర్లతో పని లేదు. కారులో యాక్సిలరేటర్ తొక్కితే ఆ సెల్స్ నుంచి వందల ఆంపియర్లు ఒక్కసారిగా లాగుతుంది, మన తోటింట్లో రాత్రి మొత్తం కలిపి రెండు మూడొందల వాట్లు కూడా దాటదు. బండలాగుడు పందేలు మానేసిన ఎద్దుని ఇంటి బండికి కట్టినట్టు, దానికి ఇది పనే కాదు. పెద్ద ఎత్తున కూడా చేస్తున్నారు, ఆమ్‌స్టర్‌డామ్‌లో యోహాన్ క్రైఫ్ ఫుట్‌బాల్ స్టేడియంలో 2018 నుంచి 148 నిస్సాన్ లీఫ్ కార్ల బ్యాటరీలకి సమానమైన 3 మెగావాట్ల సిస్టమ్ ఉంది, అందులో కొన్ని కొత్తవి కొన్ని వాడినవి. మన దగ్గర బెంగళూరుకి చెందిన నునమ్ అనే స్టార్టప్ 2022లో ఆడి ఈ-ట్రాన్ టెస్ట్ కార్ల బ్యాటరీ మాడ్యూళ్ళతో (మాడ్యూల్ అంటే ప్యాక్ లోపల కొన్ని సెల్స్ కలిపిన కట్ట) ఈ-రిక్షాలు తయారుచేసింది. కానీ వాళ్ళు ప్రతి ప్యాకూ టెస్ట్ చేసి, కంప్యూటర్‌లో రోజూ గమనిస్తూ వాడతారు, మనకి స్క్రాప్ షాపులో మల్టీమీటర్ చూపిస్తారు, తేడా అక్కడే ఉంది.

యూట్యూబ్‌లో చూసేవి ఎక్కువగా అమెరికా న్యూజిలాండ్ వాళ్ళవి, అక్కడ లీఫ్, టెస్లా మాడ్యూళ్ళు దండిగా దొరుకుతాయి. మొదటి లీఫ్‌లో 24 యూనిట్ల ప్యాక్, 48 మాడ్యూళ్ళు, ఒక్కోటి 7.6 వోల్టులు, కొత్తలో అరయూనిట్. ఏడు మాడ్యూళ్ళు సిరీస్‌లో పెడితే 53 వోల్టులు, అలాంటి వరసలు రెండు పెడితే 14 మాడ్యూళ్ళు, డెబ్భై శాతం మిగిలుంటే దాదాపు 4.9 యూనిట్లు, 48 వోల్టుల ఇన్వర్టర్‌కి బాగా కుదురుతుంది. టెస్లా మోడల్ ఎస్ మాడ్యూల్ ఒక్కోటి 5.3 యూనిట్లు, అందులో 444 చిన్న సెల్స్, కానీ అది ఆరు సెల్స్ సిరీస్, రెండు కలిపితే పన్నెండు, ఫుల్ అయినా 50.4 వోల్టులే, 48 వోల్టుల ఇన్వర్టర్ 42 దగ్గర ఆగిపోతే అడుగున ఉన్న కరెంటు కొంత అందదు. టెక్సాస్‌లోనో కాలిఫోర్నియాలోనో ఉండి కొండల్లో చిన్న క్యాబిన్ కొనుక్కున్న మనవాళ్ళు ఎవరైనా చదువుతుంటే, పడుకునే చోటికి దూరంగా వేరే గదిలో పెట్టేటట్టయితే మీకు లీఫ్ మాడ్యూళ్ళు కుదురుతాయి, ఒక్క విషయం, సున్నా డిగ్రీల కింద లిథియం బ్యాటరీని ఛార్జ్ చెయ్యకండి, లోపల లిథియం లోహంలా పేరుకుపోయి పాడవుతుంది. లంబసింగిలో తోటలున్నవాళ్ళు తప్ప మనం ఆ బెంగ పెట్టుకోనక్కర్లేదు.

మన బెంగ వేడి. లీఫ్, టెస్లాలో ఈ పాత మాడ్యూళ్ళన్నీ మాంగనీస్ లేదా నికెల్, కోబాల్ట్ ఉండే రకం సెల్స్, ఎల్ఎఫ్‌పీ కాదు. లీఫ్‌కి కూలింగ్ కూడా లేదు, 2012లో అమెరికాలో ఫీనిక్స్ అనే ఎడారి ఊళ్ళో రెండేళ్ళు కూడా నిండని కార్ల బ్యాటరీలు పడిపోతున్నాయని ఓనర్లు గొడవ చేశారు. మన రెంటచింతల, రామగుండం, రాయచోటి ఎండలు తెలుసు కదా. నికెల్ కోబాల్ట్ రకం సెల్ లోపల షార్ట్ అయితే మంట చాలా వేగంగా పాకుతుంది, ఎల్ఎఫ్‌పీ దానికంటే చాలా నెమ్మది, అసలు కాలదని కాదు, పొగ గ్యాస్ వస్తుంది, కానీ టైమ్ ఇస్తుంది. మనుషులు పడుకునే ఇంటికి ఆనించి పెట్టేదానికి నేను ఎల్ఎఫ్‌పీ తప్ప ఇంకోటి చెప్పను. ఎలక్ట్రిక్ స్కూటర్ల పాత ప్యాకులు కూడా మార్కెట్లో బాగా తిరుగుతున్నాయి, వాటిలో చాలావరకు నికెల్ రకమే, చవగ్గా వచ్చాయని తీసుకోవద్దు.

మరి మన కార్ల సంగతి. టాటా నెక్సాన్ ఈవీ 2020 జనవరిలో 30.2 యూనిట్ల ప్యాక్‌తో వచ్చింది, బ్యాటరీకి ఎనిమిదేళ్ళు లేదా 1.6 లక్షల కిలోమీటర్ల వారంటీ. ఇక్కడ ఒక్క నిమిషం ఆలోచించండి, వారంటీ 2028 దాకా ఉన్న కారు బ్యాటరీ బయటికి ఎందుకొస్తుంది? ఎక్కువగా యాక్సిడెంట్ అయిన కార్లు, నీళ్ళలో మునిగిన కార్లు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్ని వేల బళ్ళు మునిగాయో చూశాం కదా. బ్యాటరీ పెట్టెకి నీళ్ళు దూరని రేటింగ్ ఉంటుంది గానీ రోజుల తరబడి బురదనీటిలో నానితే సీలు దగ్గర్నుంచి లోపలికి వెళ్ళలేదని ఎవరూ చెప్పలేరు, కనెక్షన్లు తుప్పు పట్టి నెలల తర్వాత కూడా కాలిపోవచ్చు. మునిగిన బండి ప్యాక్ ఊరికే ఇచ్చినా వద్దు. యాక్సిడెంట్ బండి అయితే దెబ్బ ఎటు తగిలిందో ఫోటోలు అడగండి, వెనక నుంచో ముందు బంపర్‌కో తగిలితే ప్యాక్ బాగుండొచ్చు, కింద నుంచి రాయి తగిలి పెట్టె సొట్టపడితే వదిలెయ్యండి.

ఇంకా కొంతమంది ప్యాక్ విప్పకుండా మొత్తం అలాగే వాడేద్దాం అంటారు. బ్యాటరీ ఎమ్యులేటర్ అని ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్ ఉంది, చిన్న బోర్డు ఒకటి కారు బ్యాటరీ భాషని హై వోల్టేజ్ సోలార్ ఇన్వర్టర్‌కి అర్థమయ్యేలా మారుస్తుంది, విదేశాల్లో బాగా వాడుతున్నారు, నిజంగా గొప్ప పని. కానీ లీఫ్ ప్యాక్ ఫుల్ ఛార్జ్‌లో 400 వోల్టుల డీసీ, బరువు మూడు వందల కిలోలకి దగ్గర. డీసీ షాక్, డీసీ ఆర్క్ (తీగల మధ్య గాల్లో లేచే నిప్పు) మన ఇంటి కరెంటులా వదలవు. హై వోల్టేజ్ మీద చేతిపని తెలిసిన ఎలక్ట్రీషియన్ పక్కన లేకుండా ఆరెంజ్ కేబుల్ (ఈవీలో హై వోల్టేజ్ వెళ్ళేది) ముట్టుకోవద్దని బతిమాలి చెప్తున్నా. తోటింటికి 5 యూనిట్లు చాలు, దానికి అంత పెద్ద ప్యాక్ కూడా అనవసరం.

అందుకే కారు బ్యాటరీ కోసం మొదలుపెట్టిన నేను చివరికి ఆటో బ్యాటరీ దగ్గర ఆగా. ఇది ఎవరూ చెప్పరు. మన ఊళ్ళల్లో తిరిగే ఎలక్ట్రిక్ ఆటోలు చాలావరకు 48 వోల్టుల సిస్టమ్ మీదే నడుస్తాయి, మహీంద్రా ట్రియో ప్యాక్ 48 వోల్టులు, 7.37 యూనిట్లు. ఈ-రిక్షాల్లో సీసం బదులు వేసే లిథియం ప్యాకుల్లో 51.2 వోల్టుల ఎల్ఎఫ్‌పీ మామూలుగా దొరుకుతుంది. అంటే 400 వోల్టులు విప్పి ముక్కలు చేసే ప్రమాదకరమైన పని లేదు, బరువు ఇద్దరు ఎత్తేంత, ఇన్వర్టర్‌కి సూటిగా కుదురుతుంది. లోపం కూడా చెప్పాలి, ఆటో రోజూ ఖాళీ అయ్యేదాకా తిరుగుతుంది, సొంత కారు కంటే దాని సెల్స్ ఎక్కువ అలిసిపోయుంటాయి, ఆటో బీఎంఎస్ (సెల్స్‌ని కాపాడే ఎలక్ట్రానిక్ బోర్డు) బండితో మాట్లాడితే తప్ప ఆన్ అవ్వకపోవచ్చు, అందుకని లోపలి సెల్స్ మాత్రమే తీసుకుని కొత్త బీఎంఎస్ వెయ్యాలి. సెల్స్ చిన్న గుండ్రటివి వందల కొద్దీ వెల్డ్ చేసుంటే నాకు ఇష్టం లేదు, పలకల్లాంటి పెద్ద ప్రిజ్మాటిక్ సెల్స్ పదహారు ఉంటే ఒక్కోటి కొలవచ్చు, పాడైంది మార్చుకోవచ్చు.

ఇప్పుడు అసలు విషయం, కొలవడం. నేను మొదటిసారి కొన్నప్పుడు అమ్మినాయన మల్టీమీటర్ పెట్టి 3.3 వోల్టులు చూపించి తొంభై శాతం బాగుంది అన్నాడు, నేను నమ్మా. ఇంటికొచ్చి టెస్ట్ చేస్తే 100 ఏహెచ్ సెల్‌లో 58 మాత్రమే ఉంది, నా మనసు ఎంత కుంగిపోయిందో. తర్వాత తెలిసింది, ఎల్ఎఫ్‌పీ వోల్టేజీ మధ్యలో దాదాపు ఒకేలా ఉంటుంది, నలభై శాతం ఛార్జ్‌లో ఉన్నా డెబ్భైలో ఉన్నా 3.3 దగ్గరే చూపిస్తుంది, పైగా అది ఎంత నిండిందో చెప్తుందే గానీ కుండ ఎంత పెద్దదో చెప్పదు. కుండ కొలవాలంటే ఒకటే దారి, 3.65 దాకా నింపి, కాసేపు ఆపి, 2.5 వచ్చేదాకా ఖాళీ చేస్తూ ఎన్ని ఏహెచ్ బయటికొచ్చిందో లెక్కపెట్టడం. దానికి కెపాసిటీ టెస్టర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, 20 ఆంపియర్లతో పెడితే ఒక్కో సెల్ ఐదు గంటలు. మొత్తం ప్యాక్ ఒకేసారి అయితే డీసీ వాట్‌మీటర్ మధ్యలో పెట్టి ఇన్వర్టర్‌కి పాతకాలం ఫిలమెంట్ బల్బులు తగిలించి రాత్రంతా వెలిగించినా లెక్క తేలుతుంది, బీఎంఎస్ మాత్రం ఉండాలి, లేకపోతే బలహీనమైన సెల్ ఒకటి అడుక్కి పోతుంది.

కెపాసిటీ తర్వాత ఇంకో టెస్ట్ ఉంది, అందరూ ఓపిక లేక వదిలేస్తారు, కానీ నాకు బాగా పనికొచ్చింది అదే. సెల్స్ అన్నీ ఫుల్‌గా నింపి, ఒకరోజు ఆగి వోల్టేజీ రాసుకుని, విడివిడిగా రెండు వారాలు గదిలో వదిలెయ్యండి. మళ్ళీ కొలిచినప్పుడు పదిహేను ఒకేలా ఉండి ఒకటి మాత్రం కిందకి జారిపోతే లోపల అది కారుతోందన్న మాట, ఆ సెల్ ప్యాక్‌లోకి రాకూడదు. ఉబ్బిన సెల్, ఎప్పుడైనా 2 వోల్టుల కిందకి పోయిన సెల్, టెర్మినల్ దగ్గర మరక ఉన్న సెల్, ఇవి టెస్ట్ దాకా కూడా తేవద్దు. మీటరుంటే ఇంటర్నల్ రెసిస్టెన్స్ (సెల్ లోపల కరెంటుకి ఉండే అడ్డు) చూడండి, అంకె ఎంతుందన్నది కాదు, అన్నీ దగ్గరదగ్గరగా ఉన్నాయా లేదా అన్నది ముఖ్యం. అమ్మేవాళ్ళు రెండు వారాలు ఆగరు కదా అంటే, రెండు సెల్స్ ముందు కొని టెస్ట్ చేసుకుని మిగతావి తీసుకుంటానని అడగండి, ఒప్పుకోకపోతే వదిలెయ్యండి.

డబ్బుల లెక్క ఉదాహరణకి చూద్దాం, మీ రేట్లు మీరు పెట్టుకోండి. కొత్త ప్యాక్ 80 వేలనుకోండి, వాడుకునే 4.6 యూనిట్లకి యూనిట్ 17 వేల పైన పడింది. పాత సెల్స్ 30 వేలకి వచ్చాయి, వాటికి బీఎంఎస్, ఫ్యూజ్, బస్‌బార్లు (సెల్స్‌ని కలిపే లోహపు పట్టీలు), పెట్టె, కేబుళ్ళు కలిపి 18 వేలు, మొత్తం 48 వేలు, కొలిస్తే 4 యూనిట్లు, వాడుకునేది 3.6, యూనిట్ 13 వేల పైన. అంటే పాతిక శాతం కూడా మిగల్లేదు, వారంటీ లేదు, మీ కష్టం వేరే. అదే సెల్స్ 18 వేలకి వస్తే యూనిట్ 10 వేలు, అప్పుడు బాగుంది. నేను పెట్టుకున్న లెక్క ఇదీ: బీఎంఎస్ వగైరా అన్నీ కలిపి, కొలిచిన యూనిట్‌కి, కొత్తదాంట్లో అరవై శాతం దాటితే కొత్తదే కొను. స్క్రాప్ షాపులో సగం ధర అని వినపడేది ప్యాక్ మీద రాసున్న కెపాసిటీకి, లోపల మిగిలినదానికి కాదు.

టెస్ట్ చేసే తీరిక లేదు కానీ కొత్తదాని డబ్బు కూడా లేదంటే మధ్యదారి, రీఫర్బిష్ చేసి (పాతవి టెస్ట్ చేసి, బాగుచేసి) వారంటీతో అమ్మే కంపెనీలు. 2022లో వచ్చిన బ్యాటరీ వేస్ట్ మేనేజ్‌మెంట్ రూల్స్ ప్రకారం రీఫర్బిష్ చేసేవాళ్ళు రాష్ట్ర పొల్యూషన్ కంట్రోల్ బోర్డు దగ్గర రిజిస్టర్ అయ్యుండాలి. ఆ రిజిస్ట్రేషన్, టెస్ట్ చేసిన కెపాసిటీ, బిల్లు మీద రాసిన వారంటీ మూడూ అడగండి. నోటిమాట వారంటీ తీసుకోవద్దు.

ఏది కొన్నా పెట్టే చోటు సరిగ్గా ఉండాలి. రేకుల కింద వద్దు, మే నెలలో అక్కడ పొయ్యిలా ఉంటుంది. మేము ఇంటికి ఉత్తరం వైపు, పడకగదికి దూరంగా ఇటుకలతో చిన్న గది కట్టి పైన పెంకులు వేసి కింద పైన గాలి జాలీలు పెట్టాం, జాలీలకి సన్నటి మెష్ వేశాం ఎందుకంటే ఎలుకలు కేబుళ్ళు కొరుకుతాయి. సెల్ 50 డిగ్రీలు దాటితే ఛార్జింగ్ ఆగిపోయేలా బీఎంఎస్‌లో పెట్టా. బ్యాటరీ పాజిటివ్ దగ్గర డీసీకి తగిన క్లాస్ టీ ఫ్యూజ్ (షార్ట్ అయితే పెద్ద కరెంటుని కూడా వెంటనే తెంచేది) ఉండి తీరాలి, లిథియం షార్ట్ అయితే వేల ఆంపియర్లు వస్తుంది, ఇంట్లో వాడే ఏసీ ఎంసీబీ దాన్ని ఆపలేదు. ఎర్తింగ్, పిడుగులకి సర్జ్ ప్రొటెక్టర్ కూడా, ఒంటరిగా ఉన్న ఇంటి మీద ప్యానెళ్ళు ఎత్తులో ఉంటాయి కదా.

ఇన్వర్టర్‌లో సెట్టింగులు మార్చకుండా లెడ్ యాసిడ్ మోడ్‌లో వదిలేస్తే పాత సెల్స్‌కి అందులోని ఈక్వలైజ్ ఛార్జింగే (అప్పుడప్పుడు వోల్టేజీ పెంచి చేసే అదనపు ఛార్జింగ్) శత్రువు, దాన్ని ఆఫ్ చెయ్యండి. పదహారు సెల్స్ ఎల్ఎఫ్‌పీకి నేను ఫుల్ 56 వోల్టుల దగ్గర ఆపుతా, కింద 48 దగ్గర కట్ పెట్టా, చివరి రెండు మూడు శాతం పోతే పోయింది, పాత సెల్స్‌ని అంచుల దాకా తోయను. నెలకోసారి బీఎంఎస్ యాప్‌లో ఒక్కో సెల్ వోల్టేజీ చూస్తా, ఫుల్ దగ్గర ఏ సెల్ ముందు పైకి లేస్తోంది, ఖాళీ దగ్గర ఏది ముందు పడుతోంది అని నోట్‌బుక్‌లో రాసుకుంటా. మొదటేడాది ఏడో నంబర్ సెల్ ఇలాగే దొరికింది, మార్చేశా.

ఆ ఏడో నంబర్‌తో పాటు టెస్ట్‌లో తప్పిన సెల్స్ నా దగ్గర ఆరు మిగిలాయి. వీటిని పాత ఇనుము బండికి వెయ్యకండి, నేల మీద చెత్తలో అసలే వద్దు, నలిగితే అంటుకుంటాయి. టెర్మినళ్ళకి ఇన్సులేషన్ టేప్ చుట్టి, చెక్కపెట్టెలో ఇసుక పోసి, ఒకదానికొకటి తగలకుండా పెట్టి, రిజిస్టర్ అయిన రీసైక్లర్ కలెక్షన్ సెంటర్‌కి ఇవ్వండి. నేను ఈసారి హైదరాబాద్ వెళ్ళినప్పుడు తీసుకెళ్తున్నా.